పాత చీర జుబ్బా

నా చేతిరాత బాగుంటుంది. దానివల్ల నాకు కలిగిన మేలు ఒక్కటీ గుర్తు లేదు కానీ, నెత్తిన పడ్డ పనులు మాత్రం చాలానే ఉన్నాయి. మా బడిలో ఇంగ్లిషు అందరూ అందంగా రాసేవాళ్లు. తెలుగు రాయమంటే తలా ఒక దిక్కు చూసేవాళ్లు. వార్షికోత్సవం బ్యానరు, నీళ్లు వృథా చేయవద్దన్న బోర్డు, రిటైరవుతున్న ఆయమ్మకు సన్మానపత్రం, తెలుగులో ఏది కావాలన్నా నన్ను క్లాసు మధ్యలోంచి లేపుకుపోయేవాళ్లు. నేను పైకి విసుక్కుంటూ, లోపల మురిసిపోతూ వెళ్లేదాన్ని.

అది సికింద్రాబాద్‌లో క్యాథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల హైస్కూలు. మా ఇల్లు మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండేది. నాన్న గూడ్సు బండ్ల మీద గార్డు. ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోయేవాడు, మెలకువగా ఉన్నప్పుడు ఇంట్లో ఉండేవాడు కాదు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. వాళ్లకు నేను ఒక్కదాన్నే. మేము హిందువులమే అయినా, బడి ఆవరణలో ఉన్న మరియమ్మ విగ్రహం ముందు నుంచి పోయేటప్పుడు దండం పెట్టుకొమ్మని అమ్మ మొదటి రోజే చెప్పి పంపింది. చంకలో బిడ్డ ఉన్న తల్లిని చూసి ఊరికే పోగూడదని ఆమె లెక్క.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఫిబ్రవరిలో ఒకరోజు అమ్మ నన్ను బడి మానిపించింది. నాకు జ్వరం లేదు, ఇంట్లో శుభకార్యం లేదు. ఎందుకని అడిగితే "జెర నాతోని దవఖానకు రా బిడ్డా. మీ నాన్నకు సెలవు దొరకలె" అంది. ఆటో బన్సీలాల్‌పేట్ మీదుగా పోయింది. ఒక ఫంక్షన్ హాలు ముందు ఎవరో పెళ్లి ఫోటోలు దిగుతున్నారు. చూద్దామా అన్నట్టు అమ్మ వైపు తిరిగాను. ఆమె చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. నేను మళ్లీ రోడ్డు వైపు తిరిగాను.

నర్సింగ్‌హోమ్‌లో అమ్మ తన గాజులు, పుస్తెలతాడు తీసి రుమాల్లో మూటగట్టి నా చేతిలో పెట్టింది. కాసేపటికి ఒక నర్సు వచ్చి "పేషెంటు తరఫున ఎవరున్నరు?" అని అడిగింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె నన్ను కాక నా వెనక చూసింది, పెద్దవాళ్లెవరైనా ఉంటారని. ఎవరూ లేరు. మందుల చీటీ నాకే ఇచ్చింది. కౌంటరు దగ్గర వరుసలో నిలబడి ఆ చీటీ చదివాను. చదవకపోతే బాగుండేది. కానీ చేతిలో కాగితం పెడితే చదవకుండా ఉండే అలవాటు నాకు అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు.

తిరుగు ఆటోలో అమ్మ లాలాగూడ వంతెన దాటాక అంది, "నీకు సమజయింది గద."

"ఊ" అన్నాను.

"నాకు ముప్పై తొమ్మిదేండ్లు. నువ్వు వచ్చే ఏడు పదోతరగతి. ఇప్పుడు కడుపుతోని ఏం మొఖం వెట్టుకోని తిరగాలె, చెప్పు? మీ నాన్న సుత సరే అన్నడు." నా ఒళ్లోని రుమాలు మూట అందుకుంది. "ఎవ్వరికి చెప్పకు. మీ అమ్మమ్మకు సుత చెప్పకు."

చెప్పనని ఒట్టు పెట్టాను. నాకు అమ్మ మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, నన్ను అడగకుండా నిర్ణయం జరిగిపోయి, మోయడానికి మాత్రం నేను పనికొచ్చానే అన్న చిన్నతనం ఒకటి గుచ్చుకుంది. ఎనిమిదేళ్లప్పుడు చెల్లి కావాలని రెండు వేసవులు పేచీ పెట్టినదాన్ని. దానికి పేరు కూడా నేనే ఎంచి పెట్టుకున్నాను. ఆ సంగతి ఆటోలో గుర్తొచ్చింది, దిగేలోపు మరిచిపోవాలని చూశాను.

మార్చిలో ఒంటిపూట బడులు షురూ అయ్యాయి. ఒకరోజు మా వాల్యూ ఎడ్యుకేషన్ చెప్పే సిస్టర్ నన్ను పిలిచింది. ఆమె కేరళ మనిషి. ఎంత అల్లరి చేసినా చెయ్యెత్తేది కాదు, అందుకే మాకు ఆమెంటే ఇష్టం. అందరినీ 'మోళే' అనేది. వాళ్ల భాషలో బిడ్డా అన్నమాట. మంగళవార్త పండుగ వస్తోందని చెప్పింది. దేవదూత వచ్చి మరియమ్మకు నీ కడుపున బిడ్డ పుడతాడని చెప్పిన రోజు అది. ఆ వారంలో, కడుపులోని బిడ్డలను చంపవద్దని చెబుతూ కాజీపేటలో పెద్ద ఊరేగింపు ఉందట. మా బడి నుంచి నలభై మంది పోతున్నారు.

"అక్కడ ఇంగ్లిష్ బోర్డులు ఎవరు చదువుతారు మోళే? తెలుగులో కావాలి. నువ్వు రాస్తే చాలు, అందరూ ఆగి చూస్తారు" అంది. చీటీ మీద ఒక వాక్యం ఇచ్చింది. తెలుగు పంతులుగారితో రాయించి తెచ్చినట్టుంది. 'అమ్మా, నన్ను పుట్టనివ్వు.' ఇరవై ఐదు అట్టల మీద అదే వాక్యం.

రాయనని చెప్పవచ్చు. ఎందుకని అడుగుతారు. వేలు నొప్పి అనవచ్చు, కానీ ఆ మర్నాడే పరీక్ష రాయాలి. నాకున్న ఒక్క నిజమైన కారణాన్ని చెప్పనని ఒట్టేసి ఉన్నాను. "సరే సిస్టర్" అన్నాను. ఊరేగింపుకు వచ్చేవాళ్ల జాబితాలో నా పేరు కూడా ఆమె అప్పుడే రాసేసుకుంది. నేను వద్దనలేదు. బోర్డులు రాసినదానివి నువ్వే రాకపోతే బాగుండదు కదా అంది.

ఇంట్లో అమ్మ కుట్టు మిషను ముందు కూర్చుంటే గది మొత్తం ఆమె కళ్ల కిందే ఉంటుంది. అందుకని అట్టలు, నీలం రంగు సీసా తీసుకుని మేడ మీదికి పోయాను. నీళ్ల ట్యాంకు నీడలో బోర్లా పడుకుని రాశాను. పదో అట్ట దాటేసరికి అది వాక్యంలా కనిపించడం మానేసింది. 'మ్మ' వంపు బాగా తిరిగిందా, గీత మందం సమంగా ఉందా, ఇవే చూసుకుంటున్నాను. పని అనేది మనిషిని అలా కాపాడుతుంది.

నాలుగింటికి మబ్బు కమ్మింది. మార్చిలో వాన ఏమిటని అనుమానించేలోపే రూపాయి బిళ్లంత చుక్కలు పడ్డాయి. నేను ఐదారు అట్టలు ఎత్తుకుని ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరుగుతున్నాను. మెట్ల మీద చప్పుడైంది. తీగ మీద ఆరేసిన బట్టల కోసం అమ్మ వచ్చింది.

"గివన్ని ఏందే? తడుస్తున్నయి గద, జల్ది తియ్యి!" అని అరిచి, బట్టలు తీగ మీదే వదిలేసి అట్టలు ఏరింది. ఏరుతున్నప్పుడు చదివే తీరిక లేదు. గుండెకు హత్తుకుని మెట్లు దిగింది. నేను వెనక మిగిలినవి పట్టుకుని దిగాను. కింద మంచం మీద, మిషను బల్ల మీద, ఫ్రిజ్ మీద, గోడ వెంట వరుసగా అన్నీ పరిచి ఫ్యాను పెద్దగా పెట్టింది. అప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడి చూసింది.

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. పెదవులు కదుపుతూ చదువుతుంది. మొదటి అట్ట చదివింది. రెండోది చదివింది. అన్నింటి మీదా ఒకటే మాట అని తెలిశాక కూడా, గోడ వెంట నడుస్తూ ఒక్కొక్కటీ చివరిదాకా చదివింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ మాట ఆ ఇంట్లో ఆ రోజు ఎన్నిసార్లు ఆమె పెదవుల మీదికి వచ్చిందో నాకు లెక్క తెలుసు, నేనే రాశాను కాబట్టి.

"ఏడికివి?" అంది.

చెప్పాను. ఊరేగింపు సంగతి, కాజీపేట సంగతి.

"నువ్వు సుత వట్టుకుంటవా?"

"ఊ. సిస్టర్ పేరు రాసుకున్నది."

అమ్మ తలూపింది. వానకు ఐదు అట్టల మీద రంగు కారి అక్షరాలు చెదిరిపోయాయి. వాటిని విడిగా తీసి నేల మీద పెట్టుకుని కూర్చుంది. "కుంచె ఇటియ్యి" అంది. "వద్దమ్మా, నేను దిద్దుకుంటా" అన్నాను. "నీకు పరీక్ష ఉన్నది గద. సదువుకో పో" అని తనే అందుకుంది. బట్ట మీద సుద్దతో గీసే చెయ్యి అది, వణకదు. చెదిరిన అంచులను చుట్టి, లోపల నింపుకుంటూ, ఐదు అట్టలూ దిద్దింది. చివరికి వెనక్కి వాలి చూసి, "అక్షరాలు మంచిగ రాసినవ్" అంది.

నిన్ను అనాలని రాయలేదమ్మా అని చెప్పాలి. ఆ ఒక్క మాటే చెప్పాలి. నా భయమంతా అదొక్కటే, అమ్మ నన్ను తన మీద వేలెత్తే వాళ్లలో కలిపేసుకుంటుందేమోనని. అయితే ఆ మాట చెప్పాలంటే ముందు ఫిబ్రవరి సంగతి ఎత్తాలి. మాట్లాడవద్దని ఒట్టు వేయించుకున్న మనిషి ముందే దాన్ని ఎలా ఎత్తాలో నాకు తెలియలేదు. సోషల్ పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒక్క ముక్క ఎక్కలేదు.

ఊరేగింపు రోజు పొద్దున్నే అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్లో నలభై మంది పిల్లలం, ఇద్దరు సిస్టర్లు, పీటీ టీచరు, ఒక కట్ట అట్టలు. నా పక్కన కూర్చున్నది నాకు బడిలో ఉన్న ఒకే ఒక్క దోస్తు. రెజిమెంటల్ బజార్లో వాళ్ల నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. వాళ్లు క్యాథలిక్కులు. చర్చిలో పూజకు పోవడం, కిటికీ పక్క సీటు పట్టుకోవడం, రెండూ ఒకే శ్రద్ధతో చేసే పిల్ల. ఆ రోజు మాత్రం కిటికీ నాకు ఇచ్చింది. నేను డల్‌గా ఉన్నానట.

బండి మౌలాలిలో ఆగదు. మా క్వార్టర్లు వచ్చేవేళకు కిటికీ ఊచలకు మొహం ఆనించి చూశాను. వెనక దర్గా గుట్ట, ముందు మా మేడ, మేడ మీద నీళ్ల ట్యాంకు కనిపించాయి. అమ్మ వచ్చి నిలబడుతుందని నాకేమీ చెప్పలేదు. అయినా ఎందుకో ఉంటుందనుకున్నాను. తీగ మీద ఎవరివో జాకెట్లు ఆరుతున్నాయి. అంతే.

ఘట్‌కేసర్ దాటాక సిస్టర్ అందరికీ తలా ఒక కార్డు ఇచ్చింది. దాని మీద అరచేతిలో నిద్రపోతున్న పసికందు బొమ్మ ఉంది. ఇది వాళ్లలో ఒక ఆచారం. ఎక్కడో ఎవరి కడుపులోనో, పుడతానో లేదో తెలియని ఒక బిడ్డ ఉంటుంది. ఆ బిడ్డను మనం మనసులో దత్తత తీసుకోవాలి. ఒక పేరు పెట్టి కార్డు మీద రాసుకోవాలి. మంగళవార్త నుంచి క్రిస్మస్ దాకా తొమ్మిది నెలలు రోజుకొక జపం చెప్పాలి. క్రిస్మస్ ముందు, ఆ బిడ్డ పుట్టిందనుకుని, పసిపిల్లలకు పనికొచ్చే వస్తువు ఒకటి తెచ్చి సిస్టర్ల అనాథాశ్రమానికి ఇవ్వాలి. ఇవన్నీ కార్డు వెనక అచ్చేసి ఉన్నాయి.

బోగీ అంతా పేర్ల సంత అయింది. నా దోస్తు నాలుగు పేర్లు రాసి కొట్టేసి, ఐదోది మగపిల్లవాడి పేరు రాసింది. "నువ్వేం రాసినవే?" అని తొంగిచూసింది. నేను కార్డు బోర్లించాను. నాకు వేరే పేరేదీ తట్టలేదు. ఎనిమిదేళ్లప్పుడు ఎంచిపెట్టుకున్నదే రాశాను. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

"గానీ ఆ అమ్మలకు మనసెట్ల ఒస్తదే?" అంది నా దోస్తు, పులిహోరలో పల్లీలు ఏరుకు తింటూ. "మా ఇంట్ల కుక్కపిల్లలు పుడ్తేనే మా మమ్మీ ఎవ్వరికి ఇయ్యనియ్యలె. వీళ్లు ఇంటికి వొయ్యి అన్నమెట్ల తింటరో!"

దవఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజు అమ్మ అన్నం తినలేదు. నేను వండిన చారు రెండు గుక్కలు తాగి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల నన్ను ఏమీ అనకపోవచ్చు. ఏడ్చి, నా చెయ్యి పట్టుకుని, మా అమ్మ కోసం జపం చెబుతాననేది. అదే నాకు వద్దు. మా అమ్మ ఎవరి జపంలోనూ పాపిగా ఉండకూడదు. "ఏమో" అన్నాను. నలభై మంది పాటలు పాడుతున్న బోగీలో, రెండున్నర గంటలు, నా అంత ఒంటరిగా ఎవరూ కూర్చుని ఉండరని ఇప్పటికీ అనుకుంటాను.

కాజీపేటలో ఎండ మాడ్చేసింది. ఊళ్ల నుంచి లారీల్లో వచ్చినవాళ్లు, గొడుగులు పట్టుకున్న సిస్టర్లు, బ్యాండు మేళం, ముందు బిషప్‌గారు. బస్టాపులో బజ్జీలు తింటున్న ఒకామె నన్ను ఆపి, "ఎవలు నిలవడ్డరమ్మా?" అని అడిగింది. ఎలక్షన్ కాదమ్మా అని చెప్పాను. అట్ట మీద ఉన్నది చదివి, "అయ్యో, గంతేనా" అని మళ్లీ బజ్జీల్లో పడింది. నాకు నవ్వొచ్చింది. ఆ రోజంతటిలో అదొక్కసారే.

నడుస్తుండగా చెయ్యి నొప్పి పుట్టి అట్టను దించి చూసుకున్నాను. వంపుల దగ్గర నీలం రెండు పూతలుగా మందంగా ఉంది. అంచులు సుద్దగీతల్లా తిన్నగా ఉన్నాయి. అది అమ్మ దిద్దిన అట్ట. ఇరవై ఐదింటిలో ఐదే అవి, కట్టలోంచి నాకు అదే వచ్చింది. పక్కవాళ్లతో మార్చుకుందామా అనిపించింది. అమ్మ చేతిపనిని వేరేవాళ్లకు ఇవ్వడం ఇంకా కష్టం అనిపించింది. మళ్లీ పైకెత్తి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ముందు నుంచి సిస్టర్ "ఇటు చూడు మోళే" అంటూ ఫోటో తీసింది. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మా క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపులో అమ్మ కూడా ఉంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అమ్మ ఒక జాకెట్‌కు హుక్సులు కుడుతోంది. ఫోను పక్కనే ఉంది. నేను చెప్పులు విప్పుతూ ఆమె మొహం చూడకుండా కాలం గడిపాను.

"ఫోటోల నల్లగ కనవడ్తున్నవ్. చున్నీ అన్న కప్పుకోవద్దా నెత్తిమీద?" అంది. లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అంతకంటే ఏమైనా అంటుందని గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కూర్చున్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆ తర్వాత తొమ్మిది నెలలు నేను జపం చెప్పాను. బడికి పోయే బస్సులో, మెట్టుగూడ స్టాపు నుంచి తర్వాతి స్టాపు దాకా సరిపోయేది. నా జపం చెల్లుతుందో లేదో సిస్టర్‌ను అడగలేదు. కార్డు తెలుగు పుస్తకంలో పెట్టుకున్నాను, ఇంట్లో ఎవరూ ముట్టరని. సెప్టెంబరులో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మ పడుకుని ఉంది. ఒంట్లో బాగోలేదా అంటే, బాగనే ఉంది, ఇయ్యాల కుట్టబుద్ది కాలేదంది. రాత్రి లెక్క వేసుకుంటే అర్థమైంది. పుట్టి ఉంటే ఆ నెలలోనే పుట్టేది. వెళ్లి పక్కన పడుకున్నాను. ఇద్దరం నిద్రపోలేదు.

డిసెంబరులో, పదోతరగతి చదువుల హడావుడి మధ్య, సిస్టర్ జాబితా ఇచ్చింది. సబ్బులు, పౌడరు డబ్బాలు, స్వెటర్లు, ఏదైనా కొత్తది ఒకటి. నేను రెజిమెంటల్ బజార్లో ఒక పౌడరు డబ్బా కొని బ్యాగులో వేసుకున్నాను. మర్నాడు బయలుదేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర ఆపి, పేపర్లో చుట్టిన చిన్న పొట్లం ఇచ్చింది.

"ఇది సుత ఇయ్యి."

విప్పి చూశాను. పసిపిల్ల జుబ్బా. నా అరచేతులు రెండూ కలిపితే అంత ఉంది. అమ్మ పాత నూలు చీర గుడ్డ అది. లేత ఆకుపచ్చ మీద చిన్న గళ్లు, ఉతికి ఉతికి వెన్నలా అయిన చీర. గుండీలు లేవు, వెనక కట్టుకునే తాళ్లున్నాయి. కుట్లన్నీ బయటి వైపు ఉన్నాయి, లోపల ఒంటికి ఒక్క దారం తగలకుండా.

"పుట్టిన పొల్లగాండ్లకు కొత్త బట్ట వెయ్యద్దు. గుచ్చుకుంటది" అంది అమ్మ. "ఇరవై ఒక్క రోజులదాంక పాతదే తొడగాలె. అమ్మ కట్టిన చీర అయితె ఇంక మంచిది. నీకు సుత గిట్లనే కుట్టిన." నా బ్యాగు జిప్పు తనే వేసింది. "పుట్టకముందు కుట్టద్దంటరు. అందుకే ఆగిన."

అప్పుడు తెలిసింది, తెలుగు పుస్తకంలో కార్డు ఆమె చూసిందని. తొమ్మిది నెలలూ ఆమె కూడా లెక్కపెట్టిందని. కార్డు మీద నేను రాసిన పేరు కూడా చదివే ఉంటుంది. రెండు వేసవులు ఆ పేరుతో నేను పెట్టిన పేచీ విన్న మనిషే కదా. బస్సు వస్తోందని చెప్పి పరుగెత్తాను. ఏడవడానికి బస్సు మంచి చోటు కాదు కానీ వేరే చోటు దొరకలేదు.

హాల్లో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, పిల్లలు తెచ్చినవన్నీ సర్దుతున్నారు. సిస్టర్ ఒక్కొక్కటీ తీసుకుని పేరు రాసుకుంటోంది. నా వంతు వచ్చింది. పౌడరు డబ్బా పక్కన పెట్టింది. పొట్లం విప్పి జుబ్బాను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"ఇది పాత చీర కదా మోళే?"

ఔనన్నట్టు తలూపాను.

"కుట్టు చాలా బాగుంది. కానీ మా హోమ్‌లో పిల్లలకు పాతవి వెయ్యము" అంది మెల్లగా, ఎవరికీ వినపడకుండా. "ఎవరో వాడి వదిలేసినవి అనిపించకూడదు వాళ్లకి. ఇప్పటికే ఒకసారి వదిలేశారు కదా. అందుకే అన్నీ కొత్తవి."

ఆమె చెప్పిందీ న్యాయమే. అమ్మ చెప్పిందీ న్యాయమే. ఆ రెండింటి మధ్య నిలబడి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఇది వదిలేసింది కాదు సిస్టర్, ఇది మా దగ్గర పుట్టిన బిడ్డకు మొదటి రోజు వేసేది, మా అమ్మ తొమ్మిది నెలలు ఆగి కుట్టింది అని. అంతవరకు చెబితే రహస్యమేమీ బయటపడదు కూడా. కానీ అప్పటికి పది నెలలుగా నోరు మూసుకోవడం ఒక్కటే నేర్చుకుని ఉన్నాను.

"పొరపాటున కలిసింది సిస్టర్" అన్నాను.

ఆమె జుబ్బాను మళ్లీ మడతలు చెడకుండా పేపర్లో చుట్టి నాకు ఇచ్చింది. వెనక వరుసలో ఉన్న నా దోస్తు ఎర్ర స్వెటర్ పట్టుకుని ముందుకు జరిగింది.

ఆ మాట అన్నందుకు నా మీద నాకు వేసినంత అసహ్యం మళ్లీ ఎప్పుడూ వేయలేదు. సాయంత్రం దాకా పొట్లం బ్యాగులోనే ఉంది. ఇంటికి తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టలేను. రోడ్డు మీద పడేయలేను. జామెట్రీ బాక్సు ఖాళీ చేసి జుబ్బాను నాలుగు మడతలు పెట్టి దాంట్లో పెట్టాను. సరిగ్గా పట్టింది.

అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఇచ్చినవా?" అంది, నేను చెప్పులు విప్పకముందే.

"ఇచ్చిన."

"ఏమన్నరు?"

"కుట్టు మంచిగున్నదన్నరు సిస్టర్." ఆ ఒక్కటీ నిజం.

"ఎవరికన్న తొడిగిన్రా?"

అమ్మ అడిగిన తీరు చూస్తే కాదనడానికి నోరు రాలేదు. ఆమె చేతుల్లో ఏ పనీ లేదు. సూది లేదు, గుడ్డ లేదు. "మొన్ననే వచ్చిందంట ఒక పాప" అన్నాను. "ఆ పాపకు తొడిగిన్రు."

"సరిపొయిందా?"

"సరిపొయింది."

అమ్మ గట్టిగా ఊపిరి వదిలి లోపలికి పోయింది. ఆ రోజు చాలా రోజుల తర్వాత కూనిరాగం తీస్తూ వంట చేసింది. నేను బ్యాగును ఒళ్లో పెట్టుకుని ముందు గదిలో కూర్చున్నాను.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, తాళం వేసుకునే నా సొంత బీరువా ఉంది. ఆ బాక్సు దాంట్లో సర్టిఫికెట్ల ఫైలు వెనక ఉంటుంది. అమ్మ ఇంకా జాకెట్లు కుడుతోంది. ఫిబ్రవరి సంగతి మేము ఇప్పటికీ ఎత్తలేదు. కానీ ప్రతి డిసెంబరులో, వీధిలో క్రిస్మస్ నక్షత్రాలు వెలిగించే రోజుల్లో, అమ్మ ఒకసారి అడుగుతుంది. మొదట్లో "నడుస్తుండొచ్చు గద ఇప్పుడు?" అనేది. తర్వాత "మాటలు వచ్చినయేమో" అంది. ఒక ఏడు "బడిల ఏసిన్రా, ఏమన్న దెలుసా?" అంది.

మొన్న అన్నం తింటుండగా అడిగింది, "ఆ పాపకు ఇప్పుడు ఎన్నేండ్లుంటయే?"

"ఎనిమిది" అన్నాను. ఆలోచించుకోవలసిన పని లేదు, నాకు ఎప్పుడూ తెలుసు.

"మూడోతరగతి" అంది అమ్మ. నా కంచంలో ఇంకొంచెం కూర వేసింది. "నీ లెక్కనే అక్షరాలు మంచిగ రాస్తుండొచ్చు."

"రాస్తుండొచ్చమ్మా" అన్నాను.